పాస్‌బుక్కుల 436 రూపాయల లైను: మాల్‌ల ఆన్‌లైన్ షాపుకు 4 స్టార్లు

నేను రివ్యూలు రాసేటోణ్ణి కాదు, ఇంతవరకు బిర్యానీకి గూడ ఒక స్టార్ ఇయ్యలే. కానీ మా చిన్నమ్మ నాలుగు నెలల సంది "ఆ షాపు పిల్ల గురించి ఏమన్న మంచిగ రాయి బిడ్డా, ఫోన్ల రాస్తరంట గదా" అని ఒక్కటే పోరు, గందుకే రాస్తున్న. షాపు మాల్‌ల ఉంటది (సాగర్ రోడ్డు మీది మాల్, షాపింగ్ మాల్ కాదు, మా ఎల్‌బీ నగర్ ఆఫీసుల ప్రతిసారి ఇది చెప్పుకోలేక చస్తున్న). బస్సులు ఆగే కాడ దిగి లోపలికి పోతే ఒక షట్టరు, రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, ముంగట మూడు మెట్లు. బోర్డు మీద అందరు రాసేదే రాసి ఉంటది, ఆధార్ పాన్ ఇన్‌కమ్ క్యాస్ట్ అని. అసలు పని ఆ బోర్డు మీద లేదు. మీ ఇంటికి గవర్నమెంట్ నుంచి ఏమేం రావాలె, ఏమేం రావట్లేదు అని కూసోబెట్టి లెక్క తీస్తది షాపు నడిపే అక్క, నేను రాసేది దాని గురించే.

మొదలు సంగతి చెప్త. పోయిన వానకాలం మా చిన్నాయన చేన్ల కలుపు తీపిస్తుండంగ గుండెపోటుతోని పోయిండు, 49 ఏండ్లు. ముప్పై గుంటల భూమి ఉన్నది, ఆయన పేరు మీదనే పాస్‌బుక్కు. రైతుబీమా గురించి అందరికి తెలుసు, వ్యవసాయ శాఖ ఏఈవో సారే ఇంటికొచ్చి కాయితాలు తీస్కపోయిండు, నామినీ చిన్నమ్మ గాబట్టి ఆ 5 లక్షలు ఆమె అకౌంట్ల పడ్డయి. ఊర్ల అందరు "ఇగ అయిపాయె, రావాల్సింది వచ్చింది" అన్నరు, మేము గూడ అట్లనే అనుకున్నం. అప్పులోళ్లు గూడ అట్లనే అనుకున్నరు, అది వేరే ముచ్చట.

కానీ చిన్నమ్మకు భయం. బిడ్డ డిగ్రీ సెకండియర్, కొడుకు తొమ్మిదో తరగతి, మా నాయనమ్మ మంచంల. నాకు రెండు రోజులు సెలవు దొరికితే ఇంకేమన్న వస్తయేమో చూద్దామని ఫస్ట్ వేరే ఊర్ల ఒక షాపుకు తోల్కపోయిన, పేరెందుకు గని. ఆయన అడిగిన మొదటి మాట "ఏ పథకం గావాలె?" అరే మాకు తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తమన్నా! తెల్వదంటే "అన్నీ పెడ్త, 500 ఇయ్యి" అన్నడు, ఇచ్చినం, అర్ధగంటకు ఒక ఈశ్రమ్ కార్డు (కూలి నాలి చేసే అసంఘటిత కార్మికుల పేర్లు ఎక్కించే సెంట్రల్ కార్డు) ప్రింటు తీసి లామినేషన్ చేసి చేతుల పెట్టిండు. ఈశ్రమ్ నమోదు ఫ్రీ. ఫోన్ల మనమే చేస్కోవచ్చు. 2021 సంది ఉన్నదది. ఆ కార్డు తప్పేం కాదు, ఉండాల్సిందే, కానీ 500 పెట్టి కొనుక్కునే వస్తువైతే కాదు.

మాల్ షాపుల అట్ల కాదు. అక్క ఏ పథకమని అడగలేదు, ఇంట్ల ఎవరెవరున్నరని అడిగింది. పిల్లల నోట్‌బుక్కు తీసి గీతలు కొట్టి ఒక్కొక్కరి పేరు రాసి పక్కన వయసు, ఏం పని చేస్తరు, ఆధార్‌ల పేరు ఎట్లున్నది, బ్యాంకు ఏది. తర్వాత ప్రశ్నలు. కరెంటు మీటర్ ఎవరి పేరు మీదున్నది? గ్యాస్ ఎవరి పేరు మీద? ఉపాధి పనికి పోతరా, జాబ్ కార్డు ఎవరిది? ఇంట్ల ఎవరన్న బీడీలు చేస్తరా, చెట్టెక్కుతరా, మగ్గం నేస్తరా? ఎవరికన్న నడవనీకి, కనపడనీకి, వినపడనీకి ఇబ్బందా? రేషన్ కార్డుల ఎంతమంది? చిన్నమ్మ ఒక్కోదానికి జవాబు చెప్తుంటే నాకు సిగ్గయింది, సగం నాకే తెల్వదు, మీటర్ ఇంకా మా తాత పేరు మీదనే ఉన్నదని నాకప్పుడే తెలిసింది.

అసలు ముచ్చట పాస్‌బుక్కు కాడ జరిగింది. అక్క "చనిపోయిన అన్న బ్యాంకు పాస్‌బుక్కు ఉన్నదా" అంటే చిన్నమ్మ సంచిలకెళ్లి తీసింది, కవర్ చినిగి, లోపట పసుపు మరకలు. అక్క వెనకనుంచి తిప్పుకుంట వస్తున్నది, బ్యాలెన్సు చూడట్లే, డెబిట్ కాలమ్ మీదనే వేలు జరుపుతున్నది. ఒక కాడ వేలు ఆగింది. 436. మే నెల. ఒక పేజీ వెనకకు పోయింది, మల్ల మే నెల, మల్ల 436. దాని కింద 20. "తమ్మీ, ఇదేందో తెలుసా?" అన్నది. నేను ఎస్సెమ్మెస్ చార్జీలనుకున్న నిజంగ చెప్పాలంటే.

436 అంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏడాదికి ఒకసారి అకౌంట్లకెళ్లి దానంతట అదే కట్ అయితది, జూన్ 1 నుంచి మల్ల మే 31 దాక లెక్క, ఆ మధ్యల మనిషి ఎట్ల పోయినా 2 లక్షలు (కొత్తగ చేరినోళ్లకు మొదటి 30 రోజులు మాత్రం యాక్సిడెంట్‌తోని పోతేనే). 18 నుంచి 50 ఏండ్ల లోపు చేరాలె, చేరినంక 55 దాక నడుస్తది. 20 రూపాయలదేమో సురక్ష బీమా, అది యాక్సిడెంట్‌కే, గుండెపోటుకు రాదు, అది గూడ అక్క అప్పుడే చెప్పేసింది, ఆశ పెట్టలే. ఎప్పుడో అకౌంట్ తెరిచిన రోజు చిన్నాయన ఏదో ఫారం మీద సంతకం పెట్టి ఉంటడు, ఇంట్ల చెప్పలే, ఆయనకే యాదికి ఉన్నదో లేదో. చిన్నమ్మ ఆ పాస్‌బుక్కును పొయ్యి మీది అటుకు మీద పెట్టిందంట, పారేద్దామనుకున్నదంట గూడ!

బ్యాంకుకు పోతే (ఏ బ్యాంకో చెప్పను) కౌంటర్ల కూసున్నాయన "అసొంటిది ఏమి లేదు, రైతుబీమా వచ్చింది గదా" అన్నడు. దానికి దీనికి సంబంధమే లేదు, అది రాష్ట్రం కట్టే బీమా, ఇది ఆయన సొంత పైసలతోని కట్టిన బీమా. అక్క ముందే ఊహించినట్టు ఒక చీటీ రాసిచ్చింది, "జీవన్ జ్యోతి క్లెయిమ్ ఫారం ఇయ్యండి, నామినీ పేరు సిస్టమ్‌ల చూడండి, ఫలాన తారీఖున 436 కట్ అయింది" అని. ఆ చీటీ, పాస్‌బుక్కు జిరాక్సు ముంగట పెడితే ఆయన కంప్యూటర్ల కొట్టి చూసి, ఏం మాట్లాడకుంట ఫారం ఇచ్చిండు. డెత్ సర్టిఫికెట్, చిన్నమ్మ ఆధార్, ఆమె అకౌంట్ వివరాలు ఇచ్చి వచ్చినం. నడుమ రెండు సార్లు తిరగాల్సి వచ్చింది, కానీ 2 లక్షలు వచ్చినయి. ఇది చదివేటోళ్లు ముందు లేచి మీ అమ్మనాయనల పాస్‌బుక్కుల మే నెల ఎంట్రీలు చూడండి, మిగతాది తర్వాత చదవండి.

డెత్ సర్టిఫికెట్ గురించి ఒక మాట. మేము పంచాయతీ సెక్రటరీ దగ్గర ముందే రాయించినం గాబట్టి సరిపోయింది. 21 రోజుల లోపు నమోదు చేయిస్తే ఏ తలనొప్పి లేదు, ఏడాది దాటితే ఇగ పై ఆఫీసుల ఆర్డర్ తేవాలె. మా ఊర్ల దినాలైనంక చూద్దాం, బతుకమ్మ పోనీ, దసరా పోనీ అనుకుంట లేట్ చేసేటోళ్లు మస్తు మంది. పేరు గూడ ఆధార్‌ల ఎట్లున్నదో అక్షరం పొల్లుపోకుంట అట్లనే రాయించాలె.

రెండోది అక్క చెప్పింది, నేనైతే జీవితంల వినలే. ఇంటికి పెద్ద దిక్కు, సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏండ్ల లోపు చనిపోతే పేద కుటుంబానికి ఒకసారి 20,000 ఇస్తరు, జాతీయ కుటుంబ ప్రయోజన పథకమని. సెంట్రల్‌ది, చానా ఏండ్ల సంది ఉన్నది, 2012ల 10 వేల నుంచి 20 వేలు చేసిన్రు. తహసీల్దార్ ఆఫీసుల దరఖాస్తు. మా ఊర్ల అడిగితే ఒక్కరికి గూడ తెల్వదు, వార్డు మెంబర్‌కు గూడ. పెట్టినం, ఇంక రాలే. రసీదు నంబర్ మాత్రం అక్క నోట్‌బుక్కుల ఎక్కించుకున్నది, "నంబర్ లేకుంటే మనం పెట్టనట్టే లెక్క తమ్మీ" అన్నది.

వితంతు పింఛన్‌కు అప్లికేషన్ పెట్టిచ్చింది. ఇప్పుడు రాష్ట్రం ఇచ్చే ఆసరా పింఛన్ల నెలకు 2,016, దివ్యాంగులకు 4,016. "సాంక్షన్ ఎప్పుడైతదో నేను చెప్పలేనక్కా, కానీ పెట్టకుంటే మాత్రం ఎన్నటికి రాదు" అని మొఖం మీదనే చెప్పింది చిన్నమ్మతోని. నెలలో చేపిస్తా, నాకు తెలిసిన సార్ ఉన్నడు అని పైసలు అడిగేటోళ్లను చూసి చూసి ఉన్నం గాబట్టి ఈ ఒక్క మాటకే నేను ఒక స్టార్ ఇచ్చేసిన.

గ్యాస్ కథ వింటె నవ్వుతరు. గవర్నమెంట్ 500కే సిలిండర్ అంటరు గదా, కొనేటప్పుడు మొత్తం కట్టాలె, మిగతాది తర్వాత అకౌంట్ల పడాలె. చిన్నమ్మకు ఒక్కసారి గూడ పడలేదని ఆమె గట్టి నమ్మకం, గవర్నమెంట్‌ను తిట్టని రోజు లేదు. అక్క ఆధార్ ఏ బ్యాంకుకు లింకైందో చూస్తే ఇప్పుడు వాడే బ్యాంకు కాదు, ఎప్పుడో ఉపాధి హామీ కూలి కోసం తెరిపించిన పాత అకౌంట్. ఆ పుస్తకం ఎక్కడున్నదో గూడ తెల్వదు. పోయి అడిగితే పైసలన్నీ ఆడ్నే పేరుకపోయి ఉన్నయి! చిన్నమ్మ మొఖం చూడాలె అప్పుడు, సంతోషమా సిగ్గా అర్థం కాలే. అంటే డబ్బులు రావట్లేదంటే ఇయ్యట్లేదనే కాదు, ఇంకోదాంట్ల పడుతున్నయేమో గూడ చూస్కోవాలె. ఆధార్ ఒక్క బ్యాంకుకే ముడి ఉంటది ఈ పైసలకు, ఆఖరికి ఏది లింక్ చేస్తే అదే.

కరెంటు జీరో బిల్లు గూడ అట్లనే. 200 యూనిట్ల లోపే కాలుతది మా ఇంట్ల, రెండు బల్బులు ఒక ఫ్యాను ఒక టీవీ, అయినా బిల్లు వస్తనే ఉండె. ఈ పథకాలకు గవర్నమెంట్ ఊరూర ప్రజాపాలన ఫారాలు తీస్కున్నప్పుడు (2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాక, లైన్లు యాదికున్నయి గదా) సర్వీస్ నంబర్‌ల ఒక అంకె తప్పు రాసినం. ఎంపీడీవో ఆఫీసుల ప్రజాపాలన సేవా కేంద్రం కాడికి రేషన్ కార్డు, ఆధార్, కరెంటు బిల్లు తీస్కపోయి సరి చేయించుకోమన్నది, అయింది. ఏడాదిన్నర కట్టిన బిల్లులు మాత్రం పోయినట్టే.

చిన్నమ్మ బిడ్డ, మా చెల్లె స్కాలర్‌షిప్ సంగతైతే నిజంగ టైముకు పట్టుకున్నది. ఈపాస్ అనే స్కాలర్‌షిప్ సైట్‌ల రెన్యూవల్ చేయాలె, మా దగ్గరున్న ఇన్‌కమ్ సర్టిఫికెట్ చిన్నాయన పేరు మీద. మనిషే లేడు, ఆయన ఆదాయం చూపెడితే ఎట్ల? చిన్నమ్మ పేరు మీద కొత్తది పెట్టిచ్చింది. బీసీలకు పల్లెల్ల ఏడాదికి లక్షన్నర లోపుండాలె, టౌన్‌ల అయితే 2 లక్షలు. పనిల పని కల్యాణలక్ష్మి గురించి గూడ చెప్పింది, 1,00,116, పెండ్లినాటికి పిల్లకు 18 నిండాలె. చెల్లె "నేను బీఈడీ చదువుతనక్కా, ఇప్పుడే ఎందుకది" అని చిరాకు పడ్డది. మంచిగనే పడ్డది.

మనమే ఇంట్ల కూసోని చూస్కోవచ్చా అని నేను అడిగిన, నాకైతే కంప్యూటర్ పనే గదా. మైస్కీమ్ అని సెంట్రల్ వాళ్ల సైట్ ఉన్నది చూడమన్నది, 2022 జులైల మొదలైంది, వయసు, ఆడ మగ, రాష్ట్రం, పల్లెనా పట్నమా, కులం, వైకల్యం ఉన్నదా, ఆదాయం, ఇట్ల ఒక్కోటి నొక్కుకుంట పోతే సరిపోయే స్కీముల లిస్టు చూపెడ్తది. పైసలేం లేదు. తెలుసుకోనీకి మంచిదే, నేను చిన్నమ్మ వివరాలు కొట్టి చూస్తే వచ్చిన లిస్టు పొడుగే ఉన్నది. కానీ పొయ్యి మీది పాస్‌బుక్కుల లైను ఏ సైట్ చూస్తది చెప్పండి. లిస్టు చూసి ఏదేదో ఉన్నదని తెలుసుకునుడు వేరు, మన ఇంట్ల మన కాయితాలతోని ఏది అయితదో తెలుసుకునుడు వేరు. ఇంకోటి, మీకు పథకం శాంక్షన్ అయింది అని వాట్సాప్‌ల వచ్చే లింకులు, యాప్ ఫైళ్లు ముట్టుకోకండి, అకౌంట్ ఊడ్చేస్తరు, షాపుల గోడకు గూడ ఇదే రాసి అంటించింది ఎర్ర స్కెచ్‌తోని.

ఒక కాడ అక్క మాకు కాదన్నది. చిన్నమ్మకు భవన నిర్మాణ కార్మికుల కార్డు చేయిద్దామనుకున్నం, దాంట్ల కాన్పుకు, బిడ్డ పెండ్లికి సాయాలున్నయి, చనిపోతే ఉన్నది. ఏడాదిల 90 రోజులు ఆ పని చేసి ఉండాలె. "ఎన్ని రోజులు పోయినవక్కా మేస్త్రీ పనికి?" అంటే చిన్నమ్మ నిజం చెప్పింది, వెంచర్ల కాడ ఇరవై రోజులు పోయి ఉంట అన్నది. "అయితే కాదు, నేను రాయను, నిజంగ పోయేటోళ్లది పోతది" అన్నది. నాకు అప్పుడు కొంచెం కోపమొచ్చింది, అందరు చేయించుకుంటున్నరు గదా అని. బయటికొచ్చి చాయ్ తాగినంక తగ్గింది. రేషన్ కార్డుల చిన్నాయన పేరు తీపియ్యమని గూడ ఆమెనే చెప్పింది, నెలకు ఆరు కిలోల సన్నబియ్యం తగ్గినా సరే. చిన్నమ్మ దానికి మాత్రం కండ్ల నీళ్లు పెట్టుకున్నది, బియ్యం కోసం కాదు.

ఇగ ఇబ్బందులు. అంగడి రోజు పోవద్దు, కాలు పెట్టే జాగ ఉండదు, పత్తి అమ్ముకున్నోళ్లు, బర్లు కొన్నోళ్లు అందరు ఆడ్నే. కుర్చీలు రెండే. మధ్యాహ్నం ఆమె బువ్వ తిననీకి పోతే వాళ్లాయన కూసుంటడు, ఆయనకు జిరాక్సు తీసుడు తప్ప ఇంకోటి తెల్వదు, కానీ తెల్వదని చెప్పడు, మాకు ఒకసారి తప్పు ఫారం ఇచ్చి మండలానికి ఉత్తగ తిప్పిండు. చెల్లె ఇన్‌కమ్ సర్టిఫికెట్ల ఇంటిపేరు తప్పు పడ్డది, అది అక్కదే తప్పు, మల్ల ఫ్రీగ పెట్టిచ్చింది గని వారం పోయింది. ఆమె కూసోని లెక్క తీసినందుకు 150 తీస్కున్నది, ప్రింట్లు వేరే. దానికి చీటీ ఇయ్యదు, ఇస్తే బాగుండు. మీసేవకు పోయే వాటికి మాత్రం రసీదు అడిగి మరీ చేతుల పెడ్తది.

పోయేటప్పుడు అందరి ఆధార్లు, రేషన్ కార్డు, అన్ని బ్యాంకు బుక్కులు (పాతవి, చినిగినవి గూడ), కరెంటు బిల్లు, జాబ్ కార్డు, భూమి పాస్‌బుక్కు ఒక సంచిల వేస్కొని పోండి. చదువుకున్నోళ్లం మాకేం తెల్వదా అని పెద్దోళ్లను ఇంటికాడ వదిలిపెట్టి పోకండి, జవాబులన్నీ వాళ్ల దగ్గరనే ఉంటయి.

ఒక స్టార్ ఎందుకు తగ్గించిన్నంటే ఆ మూడు మెట్ల వల్ల. మేము కూసున్నప్పుడే మర్రిగూడ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి వచ్చిండు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు రెండు వంకర పోయినయి, మా దిక్కు అసొంటోళ్లు ఇంటికొకరు ఉండిరి ఒకప్పుడు. సదరం స్లాట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి రాసిచ్చేదానికి టైము) బుక్ చేయించుకోనీకి వచ్చిండు, 40 శాతం పైన రాస్తేనే పింఛన్‌కు పనికొస్తది. మెట్లెక్కలేక రోడ్డు మీదనే కట్టె పట్టుకొని నిలబడ్డడు. అక్క చూసి నోట్‌బుక్కు తీస్కొని కిందికి దిగి, ఆయనను పక్క పంచర్ షాపు బల్ల మీద కూసోబెట్టి, ఆడ్నే "తాతా, ఇంట్ల ఎంతమంది" అని మొదలుపెట్టింది. వేలిముద్ర మిషన్‌ను వైరు సాగినంత దూరం గుంజుకొచ్చి, అది ఆఖరి మెట్టు కాడ ఆగిపోతే, ఇద్దరు మనుషులు తాతను ఎత్తి ఆ మెట్టు మీద కూసోబెట్టిన్రు. సదరం స్లాట్లు బుక్ చేసే షాపుకు మెట్లుండుడేందక్కా అని నేను అడిగిన. "ఓనర్‌ను అడుగుతున్న తమ్మీ, సిమెంటు నేనే కొనిస్త అన్న గూడ" అన్నది. పోయిన ఆదివారం చూసిన, ఒక పక్కకు చెక్క పలక వేసింది, సిమెంటు ఇంక వడలే. వడ్డనాడు వచ్చి అయిదు చేస్త.